ఫైరింజన్‌కు 15 ఏళ్లు నిండితే కొత్తది ఎవరు కొనాలి? డబ్బు ఎక్కడి నుంచి రావాలి?

మీ సొంత కారుకు 15 ఏళ్లు నిండాయనుకోండి. ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి, ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఫీజు కట్టి మరో అయిదేళ్లు నడుపుకోవచ్చు. మీ ఊరి ఫైరింజన్‌కు మాత్రం ఆ అవకాశం లేదు. ఇంజిన్ బాగున్నా, పంపు బాగున్నా, నడిచింది తక్కువ కిలోమీటర్లే అయినా సరే... 15 ఏళ్లు దాటాక దాని రిజిస్ట్రేషన్ చెల్లదు.

ప్రభుత్వ వాహనాలన్నిటికీ వర్తించే ఈ నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంటే ఫైరింజన్ కొన్న రోజునే దాని ఆఖరి రోజు కూడా తెలిసిపోతుంది. అయినా చాలా చోట్ల కొత్త బండి కోసం వెతుకులాట పాతది షెడ్డుకు చేరాకే మొదలవుతుంది.

ఒక అత్యవసర వాహనం స్థానంలో మరొకటి రావాలంటే డబ్బు ఎవరివ్వాలి? ఏ పథకంలో ఎంత వాటా ఉంటుంది? కొన్నాక నడిపే ఖర్చు ఎవరిది? మన ఊళ్లో పరిస్థితి తెలుసుకోవడం ఎలా? ఒక్కొక్కటిగా చూద్దాం.

నిబంధన ఏం చెబుతోంది?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ 2023 జనవరి 16న నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు, పంచాయతీలు, ఆర్టీసీలు, ప్రభుత్వ రంగ సంస్థలు, స్వయంప్రతిపత్తి సంస్థల పేరిట ఉన్న వాహనాలకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగించరు. అంతకుముందే పొడిగించి ఉన్నా, 15 ఏళ్లు దాటితే ఆ రిజిస్ట్రేషన్ రద్దయినట్టే లెక్క. ఆ బండిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి పంపాలి.

మినహాయింపు లేదా అంటే ఉంది. దేశ రక్షణ, శాంతిభద్రతలు, అంతర్గత భద్రత విధుల్లో వాడే కవచ వాహనాల్లాంటి ప్రత్యేక వాహనాలను ఇందులోంచి తప్పించారు. ఫైరింజన్, అంబులెన్స్ పేర్లు మాత్రం ఆ మినహాయింపులో లేవు.

నిబంధన ఉద్దేశం మంచిదే. పాత డీజిల్ ఇంజిన్ల పొగ తగ్గాలి, బ్రేకులు సరిగా పడని బళ్లు రోడ్డు మీద ఉండకూడదు. అయితే అధికారి తిరిగే కారు పోతే అద్దెకు ఇంకో కారు దొరుకుతుంది. ఫైరింజన్ అద్దెకు దొరకదు. చిక్కంతా అక్కడే.

ఫైరింజన్ ఎవరిది? రాష్ట్రానిదా, మున్సిపాలిటీదా?

డబ్బు ఎవరివ్వాలో తెలియాలంటే ముందు బండి ఎవరిదో తెలియాలి. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూల్‌లో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలున్నాయి. వాటిలో ఏడోది అగ్నిమాపక సేవలు. అప్పగించాలా వద్దా అనేది మాత్రం ఆయా రాష్ట్రాల ఇష్టం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటకల్లో అగ్నిమాపక శాఖ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది హోం శాఖ కిందికి వస్తుంది. మీ ఊళ్లో మున్సిపాలిటీ ఉన్నా, ఫైర్ స్టేషన్‌లో ఉన్న బండిని కొనేది రాష్ట్ర శాఖే. మహారాష్ట్ర, గుజరాత్‌లలో పద్ధతి వేరు. ముంబయి, పుణె, సోలాపూర్, భివండీ, అహ్మదాబాద్ లాంటి నగరాల్లో ఫైర్ బ్రిగేడ్ ఆ నగర కార్పొరేషన్‌దే. బండి కొనాలన్నా, డ్రైవర్‌కు జీతం ఇవ్వాలన్నా ముందు కార్పొరేషన్ బడ్జెట్‌లోనే చోటు వెతకాలి.

2025 మే 18, ఆదివారం. ఆ ఒక్క రోజే ఈ రెండు పద్ధతులున్న రెండు నగరాల్లో ఘోరం జరిగింది. హైదరాబాద్ పాతబస్తీలోని గుల్జార్ హౌస్ దగ్గర ఇంట్లో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. తెలుగు పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన సోలాపూర్‌లో, అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలోని టవళ్ల ఫ్యాక్టరీలో మంటలు అంటుకుని ఎనిమిది మంది బలయ్యారు. ఒకచోట మంటలతో పోరాడే బాధ్యత రాష్ట్ర శాఖది, మరోచోట నగర కార్పొరేషన్‌ది. ఈ రెండు ఘటనలకూ బండ్ల వయసే కారణమని చెప్పడం కాదు. ఎవరి చేతిలో ఉన్నా తొలి నిమిషాల్లో చేరే బండి మీదే ప్రాణాలు ఆధారపడి ఉంటాయని, అది ఉండేలా చూసే బాధ్యత ఎక్కడో ఒక బడ్జెట్ పద్దులో రాసి ఉండాలని గుర్తు చేయడమే.

మన మున్సిపాలిటీలకు ఇందులో పాత్రే లేదా? ఉంది. హైదరాబాద్‌లో వరద నీళ్లు తోడటానికి, కూలిన చెట్లు తొలగించడానికి జీహెచ్ఎంసీ సొంతంగా డీఆర్ఎఫ్ బృందాలను, వాహనాలను నడిపింది. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రాకు ఆ బాధ్యత బదిలీ అయింది. చిన్న పట్టణాల్లో, పల్లెల్లో గడ్డివాముకో పూరింటికో నిప్పంటుకుంటే ఫైరింజన్ కంటే ముందు స్థానిక సంస్థ నీళ్ల ట్యాంకరే చేరుకోవచ్చు. 15 ఏళ్ల నిబంధన వీటన్నిటికీ వర్తిస్తుంది.

ఒక ఊరికి ఎన్ని బండ్లు ఉండాలి?

అగ్నిమాపక సేవలపై కేంద్ర హోం శాఖకు సలహాలిచ్చే స్టాండింగ్ ఫైర్ అడ్వయిజరీ కమిటీ ఎప్పుడో ఒక లెక్క చెప్పింది. 3 లక్షల జనాభా వరకు ప్రతి 50 వేల మందికి ఒక పంపింగ్ బండి ఉండాలి. ఆపైన ప్రతి లక్షకు ఒకటి చొప్పున కలపాలి. ఆ లెక్కన 5 లక్షల జనాభా ఉన్న నగరానికి ఎనిమిది కావాలి.

ఇది సలహా మాత్రమే. ఫలానా ఊళ్లో ఇన్ని లేవని ఎవరికీ జరిమానా పడదు. అందుకే చాలా పట్టణాల్లో స్టేషన్‌కు ఒకటే బండి ఉంటుంది. ఆ ఒక్కటీ షెడ్డుకు పరిమితమైతే పక్క పట్టణం నుంచి రావాలి. ఆ బండి ఇటు వచ్చినంతసేపూ ఆ పట్టణం ఖాళీ. నిప్పు మాత్రం బండి వచ్చేదాకా ఆగదు.

కొత్త బండి వెంటనే ఎందుకు రాదు?

ఫైరింజన్ షోరూంలో సిద్ధంగా దొరికే బండి కాదు. ముందు లారీ కంపెనీ నుంచి ఛాసిస్ కొంటారు. దాన్ని బాడీ కట్టే సంస్థకు పంపిస్తారు. వాళ్లు నీళ్ల ట్యాంకు, పంపు, గొట్టాల అరలు, నిచ్చెన, సైరన్, లైట్లు బిగిస్తారు. అన్నీ భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన కొలతల ప్రకారం ఉండాలి. మన దగ్గర తరచూ కనిపించే పెద్ద వాటర్ టెండర్ ట్యాంకులో 4,500 లీటర్ల దాకా నీళ్లు పడతాయి.

కాగితాల ప్రయాణం కూడా తక్కువేం కాదు. క్రమం దాదాపు ఇలా ఉంటుంది:

- పాత బండి కాలం చెల్లిందని మోటారు వాహన తనిఖీ అధికారి నివేదిక, కండెమ్ చేస్తూ ఉత్తర్వు
- కొత్త బండికి ప్రతిపాదన, అంచనా వ్యయం
- పరిపాలనా అనుమతి, బడ్జెట్‌లో కేటాయింపు
- జెమ్ పోర్టల్‌లోనో, రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలోనో టెండర్
- ఛాసిస్ రాక, బాడీ నిర్మాణం
- పంపు, ట్యాంకు పరీక్ష, తనిఖీ
- రిజిస్ట్రేషన్, సిబ్బందికి శిక్షణ, స్టేషన్‌కు కేటాయింపు

వీటిలో ఏ మెట్టు దగ్గరైనా ఫైలు ఆగొచ్చు. పైగా మార్చి 31 అనే గోడ ఒకటుంది. ఆ ఏడాది బడ్జెట్‌లో ఇచ్చిన సొమ్ము ఆలోపు ఖర్చు కాకపోతే మురిగిపోతుంది. డిసెంబర్‌లో టెండర్ ఖరారై, ఛాసిస్ ఫిబ్రవరిలో వచ్చి, బాడీ కట్టడం మే దాకా సాగితే... సగం బిల్లుకు మళ్లీ కొత్త ఏడాదిలో కేటాయింపు తెచ్చుకోవాలి.

పన్ను సంగతి కూడా చూడండి. ఫైరింజన్‌పై జీఎస్టీ 2018 జులైలో 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అన్ని హంగులతో ఫ్యాక్టరీలోనే తయారైన అంబులెన్స్‌పైనా 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 బదులు 18 శాతమే. కంపెనీలు కట్టిన పన్నును అమ్మకాలపై కట్టాల్సిన పన్నులో సర్దుబాటు చేసుకుంటాయి. ఉచితంగా సేవ చేసే మున్సిపాలిటీకో అగ్నిమాపక శాఖకో ఆ వెసులుబాటు లేదు. పన్నుకు ముందు 50 లక్షల రూపాయలయ్యే బండికి మరో 9 లక్షలు పన్ను రూపంలో ప్రజాధనమే ఖర్చవుతుంది.

డబ్బు ఎక్కడెక్కడి నుంచి రావచ్చు?

ఒకే పెట్టెలో డబ్బు లేదు. చిన్న చిన్న పెట్టెలు చాలా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో తాళం.

సొంత బడ్జెట్: అన్నిటికంటే సూటి దారి. రాష్ట్ర శాఖకైతే హోం శాఖ పద్దు, కార్పొరేషన్‌కైతే ఆస్తి పన్ను, ఫీజుల ఆదాయం. మహారాష్ట్రలో 2006 నాటి అగ్నిప్రమాద నివారణ చట్టం కింద భవనాల నుంచి ఫైర్ సర్వీస్ ఫీజు వసూలు చేసే వీలుంది. అయితే జీతాలు, కరెంటు బిల్లులు, చెత్త తరలింపు పోగా మిగిలే సొమ్ములో ఇంకా నడుస్తున్న ఫైరింజన్‌కు బదులు కొత్తది కొనడం ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటుంది.

కేంద్ర అగ్నిమాపక ఆధునికీకరణ పథకం: 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్ర హోం శాఖ 2023 జులైలో ప్రారంభించింది. 2025-26 వరకు మొత్తం 5,000 కోట్ల రూపాయలు. జాతీయ విపత్తు నిధిలో సన్నద్ధత కోసం పక్కన పెట్టిన భాగం నుంచి ఇస్తారు. ఇందులో 500 కోట్లు, చట్టపరమైన సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ప్రోత్సాహకం. మొత్తం ఖర్చులో 25 శాతం రాష్ట్రం తన బడ్జెట్ నుంచి భరించాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 10 శాతం చాలు. అంటే 100 కోట్ల ప్రాజెక్టులో మన రాష్ట్రాలు 25 కోట్లు పెట్టుకోవాలి. ఇది రాష్ట్రాల ద్వారా నడిచే పథకం. మున్సిపాలిటీ నేరుగా ఢిల్లీకి దరఖాస్తు పెట్టుకునేది కాదు.

రాష్ట్ర విపత్తు నిధి: 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధులను వాటాలుగా విడగొట్టింది. తక్షణ సహాయానికి 40 శాతం, పునర్నిర్మాణానికి 30, ముప్పు తగ్గించే పనులకు 20, సన్నద్ధతకు 10 శాతం. అత్యవసర సామగ్రి సన్నద్ధత కిందికి వస్తుంది. కానీ అదే 10 శాతంలో శిక్షణ, సమాచార వ్యవస్థ లాంటివీ పోటీ పడతాయి.

పాత వాహనాల తుక్కు ప్రోత్సాహకం: పాత వాహనాలు, అంబులెన్స్‌ల స్థానంలో కొత్తవి తెచ్చుకోవడానికి రాష్ట్రాలకు అండగా ఉంటామని 2023-24 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. మూలధన పెట్టుబడుల కోసం రాష్ట్రాలకు 50 ఏళ్లకు వడ్డీ లేకుండా ఇచ్చే రుణ పథకంలో పాత ప్రభుత్వ వాహనాల తుక్కుకు విడిగా ప్రోత్సాహకం పెట్టారు. వడ్డీ లేకపోయినా ఇది రుణమే.

ఆర్థిక సంఘం స్థానిక గ్రాంట్లు: పంచాయతీలకు, 10 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు తప్ప. నీళ్ల ట్యాంకర్, చెట్లు కోసే యంత్రం, పడవ లాంటివి కొనాలంటే ఈ 40 శాతంలోంచే చూసుకోవాలి. రోడ్లు, వీధి దీపాలు కూడా దాని మీదే ఆశ పెట్టుకుంటాయి.

ఎంపీ నిధులు: ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. అంబులెన్స్ కొనుగోలుకు వీటిని వాడొచ్చు. బండి ప్రభుత్వ యంత్రాంగం పేరిటే ఉండాలి. డ్రైవర్ జీతం, డీజిల్ ఇందులోంచి రావు.

సీఎస్ఆర్: నికర విలువ, టర్నోవర్, లాభాల్లో ఏదో ఒకటి చట్టం చెప్పిన పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఆరోగ్యం, విపత్తు నిర్వహణ ఆ జాబితాలో ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన బండి ప్రభుత్వ సంస్థ పేరిట ఉండటానికీ నిబంధనలు ఒప్పుకుంటాయి. ఫ్యాక్టరీలు, పోర్టులు, విద్యుత్ కేంద్రాలున్న ఊళ్లకు ఇది మంచి దారి. అవి లేని ఊళ్లకు ఈ తలుపు తెరుచుకోవడం కష్టం.

ఇన్ని దారులున్నా ఒక లోటు ఉంది. దాదాపు అన్నీ ఒకసారి ఇచ్చే సొమ్ములే. 15 ఏళ్లకోసారి తప్పకుండా వచ్చే ఖర్చుకు తప్పకుండా వచ్చే ఆదాయం ఏదీ జత చేసి లేదు.

కొన్నాక అసలు ఖర్చు మొదలవుతుందా?

అవును. అత్యవసర వాహనం 24 గంటలూ సిద్ధంగా ఉండాలంటే మూడు షిఫ్టులకు డ్రైవర్లు, సిబ్బంది కావాలి. డీజిల్, టైర్లు, బ్యాటరీ, పంపు మరమ్మతు, గొట్టాల మార్పిడి ఏటా ఉండే ఖర్చులే. బీమా సంగతి కూడా గమనించాలి. మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం వాణిజ్యేతర అవసరాలకు వాడే ప్రభుత్వ వాహనాలకు తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా నుంచి మినహాయింపు ఉంది. బీమా చేయించని బండి ప్రమాదంలో నుజ్జయితే దాని బదులు ఇంకో బండికి ఏ కంపెనీ డబ్బూ రాదు.

ఈ విషయంలో 108 అంబులెన్స్ మంచి పాఠం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవలో బండి కొనడం కంటే దాన్ని నడపడానికే ఎక్కువ ఏర్పాటు ఉంది. కాల్ సెంటర్, సిబ్బంది, నిర్వహణ అన్నీ కలిపి సంస్థతో ఒప్పందం ఉంటుంది. కేంద్ర, రాష్ట్రాలు 60:40 చొప్పున పంచుకునే జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి కూడా అంబులెన్స్ సేవలకు నిధులు అందుతాయి. అయినా బండి వయసు సమస్య అక్కడా తప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి 108, 104 సేవలకు కలిపి 1,088 వాహనాలను ఒకేసారి రోడ్డెక్కించారు. చూడటానికి ఘనంగానే ఉంటుంది. కానీ ఒకే రోజు కొన్న బండ్లు ఒకేసారి పాతబడతాయి కూడా. ఏటా కొన్ని చొప్పున మారిస్తే ఆ భారం ఒక్క ఏడాది మీద పడదు.

తెలంగాణలో పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకర్ వచ్చాయి. ఊరికి ఒక బండి రావడం నిజంగా పెద్ద మార్పే. అయితే చాలా పంచాయతీలు బ్యాంకు రుణంతో వాటిని కొన్నాయి. నెలనెలా వాయిదా, డీజిల్, డ్రైవర్ జీతం పంచాయతీ ఖాతా నుంచే వెళ్లాలి. గ్రాంటు ఆలస్యమైన నెలలో ముందు ఆగేది డీజిలే.

ముందే దాచుకుంటే ఎంతవుతుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి ఉదాహరణ కోసం అనుకున్న అంకెలే, ఏ ఊరి టెండర్ ధరా కాదు.

ఈ రోజు ఫైరింజన్ ధర 60 లక్షల రూపాయలు అనుకుందాం. ఏటా 6 శాతం చొప్పున ధర పెరిగితే 15 ఏళ్ల తర్వాత అదే బండి దాదాపు 1 కోటి 44 లక్షలు అవుతుంది. అప్పటికప్పుడు అంత సొమ్ము తీయడం ఏ పట్టణానికైనా కష్టమే.

అదే కొన్న మొదటి ఏడాది నుంచే ఒక ప్రత్యేక ఖాతాలో ఏటా సుమారు 6 లక్షల 18 వేలు వేస్తూ, దానిపై 6 శాతం వడ్డీ వస్తే 15 ఏళ్లకు సరిగ్గా ఆ మొత్తం సిద్ధంగా ఉంటుంది. 50 వేల జనాభా ఉన్న పట్టణంలో ఇంటికి నలుగురు చొప్పున 12,500 ఇళ్లు. ఏడాదికి ఇంటికి 50 రూపాయలు కూడా కాదు. నెలకు 4 రూపాయల పైచిలుకు.

ఆలస్యానికీ ధర ఉంది. 60 లక్షల బండిని మూడేళ్లు వాయిదా వేస్తే అదే లెక్కన 71 లక్షలు దాటుతుంది. ఆ మూడేళ్లు ఊరికి బండి లేకపోవడం అదనం.

మున్సిపల్ ఖాతాల్లో తరుగుదల అనే పద్దు ఇప్పటికే ఉంటుంది. బండి విలువ ఏటా ఇంత తగ్గిందని పుస్తకాల్లో రాస్తారు. కానీ అది కాగితం మీది అంకె. అంతే సొమ్మును విడిగా బ్యాంకులో వేయమని చెబితేనే అది నిజమైన నిధి అవుతుంది. అలాంటి ఖాతా తెరిచి, ఇంకో పనికి మళ్లించకుండా తీర్మానం చేయడం మున్సిపల్ కౌన్సిల్ పని. రాష్ట్ర శాఖ విషయంలో ఆ పని బడ్జెట్‌ది.

అమెరికాలో ఎలా చేస్తున్నారు?

అక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఎక్కువగా పట్టణాలు, కౌంటీల చేతిలో ఉంటాయి. ఫెమా అనే కేంద్ర సంస్థ అగ్నిమాపక దళాలకు పోటీ పద్ధతిలో గ్రాంట్లు ఇస్తుంది. స్థానిక వాటా జనాభాను బట్టి మారుతుంది. 20 వేల లోపు జనాభా ఉంటే గ్రాంటు సొమ్ముకు 5 శాతం, 10 లక్షల వరకు 10 శాతం, ఆపైన 15 శాతం స్థానికంగా జత చేయాలి. చిన్న ఊరికి చిన్న వాటా అన్నది దాని సూత్రం. మన పథకంలో పెద్ద రాష్ట్రమా చిన్న రాష్ట్రమా, ధనిక నగరమా పేద పట్టణమా అన్న తేడా లేదు. కొండ రాష్ట్రాలకు మినహా అందరికీ 25 శాతమే.

వయసు విషయంలోనూ తేడా ఉంది. అక్కడి అగ్నిమాపక ప్రమాణాల సంస్థ ఎన్ఎఫ్‌పీఏ సూచన ప్రకారం 15 ఏళ్లు దాటిన బండిని మొదటి వరుస నుంచి తప్పించి, తగిన మార్పులు చేసి రిజర్వులో ఉంచొచ్చు. 25 ఏళ్లు దాటితే మార్చేయాలి. ముందున్న బండి మరమ్మతుకు వెళ్లినప్పుడు రిజర్వు బండి ఆదుకుంటుంది. మన నిబంధనలో రిజర్వు అనే మాటకు చోటు లేదు. 15 ఏళ్ల తర్వాత తుక్కే. అలాంటప్పుడు కొత్తది ముందే వచ్చి ఉండటం ఇక్కడ మరింత అవసరం.

పాత బండి అమ్మితే ఏమొస్తుంది?

తుక్కు కేంద్రానికి ఇచ్చిన వాహనానికి డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. తుక్కు ధరతో పాటు, ఆ సర్టిఫికెట్‌పై కొత్త రవాణా వాహనం కొంటే రోడ్డు పన్నులో 15 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనలు వీలిచ్చాయి. కొత్త బండి ధరతో పోలిస్తే తుక్కు సొమ్ము చాలా చిన్నది. ఆ కాస్తా సాధారణ ఖాతాలో కలిసిపోకుండా కొత్త బండి ఖాతాకే చేరేలా చూసుకోవాలి.

మీ ఊరి బండి వయసు తెలుసుకోవడం ఎలా?

నంబర్ ప్లేట్ చూస్తేనే కొంత తెలిసిపోతుంది.

తెలంగాణలో 2014 జూన్ నుంచి కొత్త వాహనాలకు టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ అక్షరాలు ఇస్తున్నారు. మీ స్టేషన్‌లో బండికి ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీ ప్లేటు ఉంటే అది 2014 జూన్ కంటే ముందు రిజిస్టరైందని అర్థం. 2029 జూన్ దాటాక అలాంటి ప్రభుత్వ వాహనం ఒక్కటి కూడా చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్‌తో ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకే సిరీస్ మొదలైంది. జిల్లా కోడ్‌తో ఉన్న పాత నంబర్ కనిపిస్తే బండి అంతకుముందుదే.

కచ్చితమైన తేదీలు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా అగ్నిమాపక అధికారి కార్యాలయానికో, మున్సిపల్ కమిషనర్ కార్యాలయానికో 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు చేయొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఈ ప్రశ్నలు అడగండి:

- మా స్టేషన్ పరిధిలో ఉన్న అత్యవసర వాహనాలు ఎన్ని? ఒక్కోదాని రిజిస్ట్రేషన్ తేదీ ఏమిటి?
- వచ్చే మూడేళ్లలో 15 ఏళ్లు నిండేవి ఎన్ని?
- వాటి స్థానంలో కొత్తవాటికి ప్రతిపాదన పంపారా? ఏ తేదీన? ఇప్పుడు ఏ దశలో ఉంది?
- గత మూడేళ్లలో వాహనాల కొనుగోలుకు కేటాయించినది ఎంత, ఖర్చయింది ఎంత?
- బండి మరమ్మతులో ఉన్నప్పుడు బదులు ఎక్కడి నుంచి వస్తుంది? దూరం ఎంత?

అన్నిటిలోకీ మూడో ప్రశ్న ముఖ్యం. పై మెట్లన్నీ దాటి బండి రావాలంటే, 15 ఏళ్లు నిండటానికి రెండేళ్ల ముందే ఫైలు కదలడం మంచిది. 13వ ఏట కూడా ప్రతిపాదన లేదంటే 15వ ఏట బండి ఉండకపోవచ్చని అర్థం. బడ్జెట్ తయారీకి ముందు, అంటే నవంబర్, డిసెంబర్ నెలల్లో ఈ సమాధానం చేతిలో ఉంటే వార్డు కౌన్సిలర్‌నో, ఎమ్మెల్యేనో అడగడానికి సరైన సమయం దొరుకుతుంది. మార్చిలో అడిగితే వచ్చే ఏడాది చూద్దామనే జవాబు వస్తుంది.

చివరిగా, బండి ఉన్నా అది చేరడం మన చేతిలో కూడా ఉంది. ఫైరింజన్‌కు, అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194-ఈ సెక్షన్ కింద 10 వేల రూపాయల దాకా జరిమానా పడుతుంది. అగ్నిప్రమాదమైతే 101, అంబులెన్స్ కోసం 108, ఏ అత్యవసరానికైనా 112కు ఫోన్ చేయొచ్చు.

అవతల ఫోన్ ఎత్తేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పంపడానికి బండి ఉందా లేదా అన్నది మాత్రం రెండు మూడేళ్ల ముందటి ఏదో ఒక బడ్జెట్ సమావేశంలోనే తేలిపోయి ఉంటుంది.